గదిలో ఉన్న మేడమ్ మీద నాలుగు పేజీలు, లేని టీచర్ మీద ఒక్క లైను

భీమవరం నుంచి ఒకమ్మాయి పెద్ద ఉత్తరం రాసింది, పేరు వెయ్యొద్దు అంది, స్కూల్ ఏదో తెలిసిపోయే వివరాలు నేనే తీసేశాను. తను టీచర్ ట్రైనింగ్, డీఎడ్ రెండో సంవత్సరం, ఊరు పాలకొల్లు దగ్గర పల్లె, చిన్నప్పట్నుంచీ కాన్వెంట్ చదువు. కాలేజీ వాళ్లు టౌన్‌లో ఒక మున్సిపల్ ఎలిమెంటరీ స్కూల్‌కి అబ్జర్వేషన్‌కి పంపారు, ముందు కొన్నాళ్లు వెనకాల కూర్చుని క్లాసు చూసి రికార్డు రాయాలి, ఆ తర్వాత ఇంటర్న్‌షిప్ కూడా అక్కడే. ఒకటి నుంచి అయిదు దాకా 74 మంది పిల్లలు, రెండు గదులూ ఒక వరండా. ఒక గది కారుతుంది కాబట్టి వానాకాలమంతా అందరూ రెండో గదిలోనే. మంచినీళ్ల ఫిల్టర్ పాడై చాన్నాళ్లయింది, బోరు నీళ్లు ఉప్పన, పిల్లలు ఇంటి నుంచి సీసాలు తెచ్చుకుంటారు, తేనివాళ్లు పక్కవాళ్లని అడుక్కుంటారు. తల్లుల్లో చాలామంది తెల్లారకుండానే బస్సెక్కి రొయ్యల షెడ్లలో పనికి పోతారు, తండ్రులు ఆటోలు, హమాలీ పని, చెరువుల మీద కాపలా. ఉండాల్సిన ఇద్దరు టీచర్లలో ఒకరు డెప్యుటేషన్ మీద వేరే చోట ఉన్నారు, మిగిలిన ఒక్క మేడమే టీచరూ, ఇన్‌చార్జ్ హెచ్ఎమ్మూ.

ఇక తన బాధ. "మేడమ్ పాఠం చెప్పేది తక్కువ, ఫోన్ చూసేది ఎక్కువ" అంటుంది. ఓ రోజు భోజనాల ముందు మేడమ్ ఫోన్‌లో ఏదో ఎంట్రీ చేస్తుంటే రెండో తరగతి పిల్లాడొకడు పక్కవాడి పలక లాక్కున్నాడు, ఆవిడ లేచి స్కేలుతో చేతి మీద రెండు దెబ్బలు వేశారు, వాడు ఏడవను కూడా ఏడవలేదు, ఈ అమ్మాయికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మూడో తరగతిలో ఒక పాప, దస్తూరీ ఎంతో బాగుంటుంది, చదవమంటే ఒక్క మాట రాదు, ఎప్పుడూ పక్క పిల్ల పుస్తకంలోంచి చూసి రాసుకుంటుంది. ఉండబట్టలేక తన డబ్బులతో నోటు పుస్తకాలు, పెన్సిళ్లు కొని పంచి, ఆ ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది, అప్పట్నుంచి మేడమ్ సరిగా మాట్లాడటం లేదు. రికార్డు చూపిస్తే లెక్చరర్ గారు "ఇవన్నీ ఎందుకమ్మా, సీనియర్ల రికార్డు చూసి రాసెయ్" అన్నారు. నాన్నగారేమో ఇదంతా వదిలేసి కార్పొరేట్ స్కూల్లో చేరిపొమ్మంటున్నారు. కంప్లైంట్ చెయ్యాలా, రికార్డులో నిజం రాయొచ్చా, చూడటానికొచ్చిన మనిషి చదువు చెప్పొచ్చా, అసలు ఈ లైనులో ఉండాలా అని అడుగుతోంది. ఆఖర్న, "అక్కడ ఊరికే కూర్చుని చూస్తున్నందుకే నేనేదో తప్పు చేస్తున్నట్టుంది మేడమ్ గారూ" అని రాసింది.

అమ్మా, ముందు ఆ ఆఖరి మాట సంగతి చూద్దాం. చూడటం తప్పు కాదు. ఆ గదిలోకి తీరిగ్గా కూర్చుని చూసే మనిషి రావడమే అరుదు, వచ్చేవాళ్లు రిజిస్టర్లు చూస్తారు, గోడలు చూస్తారు, బాత్రూములు ఫొటో తీసుకుంటారు, వెళ్లిపోతారు. ఒక పిల్ల పక్కదాని పుస్తకంలోంచి చూసి రాస్తోందని ఇన్నాళ్లలో గమనించింది నువ్వొక్కదానివే అయ్యుండొచ్చు. కాబట్టి ఆ పని చిన్నదనుకోకు. కానీ నీ ఉత్తరం నేను రెండుమూడు సార్లు చదివాను, చదివిన ప్రతిసారీ ఒకటే అనిపించింది, గదిలో ఉన్న మేడమ్ గురించి నాలుగు పేజీలు రాశావు, గదిలో లేని టీచర్ గురించి ఒకే ఒక్క లైను రాశావు, అది కూడా దారినపోతూ చెప్పినట్టు. నీ బాధలో సగం చిక్కు అక్కడే ఉంది.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, నువ్వు పరీక్ష కోసం చదివే ఉంటావు. దాని షెడ్యూల్లో ఒకటి నుంచి అయిదు తరగతులకి 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు అని స్పష్టంగా రాసుంది. మీ బడిలో 74 మంది. అంటే ముగ్గురుండాలి, కాగితం మీద ఇద్దరున్నారు, మనిషిగా ఒక్కరున్నారు. ఇప్పుడు నీ నోట్సు మళ్లీ తీసి చూడు, "ఒకటో తరగతి పిల్లలు గంటసేపు ఊరికే కూర్చున్నారు" అని రాశావు కదా, ఆ గంటలో మేడమ్ ఎక్కడున్నారు, అయిదో తరగతికి భాగహారం చెప్తున్నారని నువ్వే ఇంకో పేజీలో రాశావు. అది బద్ధకం కాదమ్మా, అక్కడ ఒక మనిషి తక్కువ. ఒక్కరే అయిదు తరగతులు చూడటం శివారు పొలానికి నీళ్లు పెట్టడం లాంటిది, తూము దగ్గర చేలు తడిసే సరికే వంతు అయిపోతుంది, చివరి చేను ఎండుతుంది, ఆ ఎండిన చేను చూసి కాలువ నీళ్లు పంచే లస్కరుని తిట్టే ముందు కాలువలో అసలు నీళ్లెన్ని వదిలారో చూడాలి.

ఫోన్ సంగతీ అంతే. నువ్వు "ఫోన్ చూస్తున్నారు" అని రాశావు కానీ ఫోన్‌లో ఏం చూస్తున్నారో రాయలేదు. హాజరు అందులోనే, భోజనం ఎంతమంది తిన్నారో అందులోనే, ఫొటోలు అందులోనే, టైం దాటితే పైనుంచి ఫోన్ వస్తుంది, సర్వర్ పనిచెయ్యకపోతే మళ్లీ మళ్లీ ప్రయత్నించాలి. జనగణన, విపత్తులు, ఎన్నికలు తప్ప టీచర్లని వేరే పనులకి పెట్టకూడదని అదే చట్టంలో 27వ సెక్షన్ ఉంది, ఈ ఎంట్రీలు దాని కిందకి వస్తాయా రావా అన్నది సంఘాల వాళ్లు ఎప్పట్నుంచో వాదిస్తున్న విషయం, మనం తేల్చలేం. నువ్వు చెయ్యగలిగిందల్లా ఒక రోజు గడియారం పెట్టుకుని ఎన్ని నిమిషాలు పాఠానికి పోయాయి, ఎన్ని ఎంట్రీలకి పోయాయి అని రాయడం. ఆవిడకి తెలిసేలాగే రాయి, చాటుగా కాదు. ఆ లెక్క ఆవిడకే పనికొస్తుంది.

ఇంతా చెప్పి ఆ స్కేలు దెబ్బ సంగతి దాటేస్తానేమో అనుకోకు. పని ఎక్కువైతే పిల్లాణ్ని కొట్టొచ్చు అని నేను ఏ రోజూ అనను. కారణం తెలిసినంత మాత్రాన తప్పు ఒప్పైపోదు. 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడమే కాదు, మనసు నొచ్చుకునేలా వేధించడం కూడా నిషేధం అంటోంది, చేసినవాళ్ల మీద సర్వీసు రూల్స్ ప్రకారం చర్య ఉంటుంది. మన వైపు ఇప్పటికీ "మా వాణ్ని నాలుగు తగిలించండి మేడమ్, అప్పుడే దారికొస్తాడు" అని తల్లిదండ్రులే చెప్పి వెళ్తారు, ఆ మాట విని కూడా చెయ్యెత్తకపోవడమే టీచరు పని. వాడు ఏడవలేదని రాశావు చూడు, నాకు దెబ్బ కంటే అది ఎక్కువ బాధేసింది, ఏడుపు రాలేదంటే అలవాటై ఉండొచ్చు, ఇంట్లోనో బళ్లోనో తెలీదు.

మరి ఏం చెయ్యాలంటే నీ ముందు కొన్ని దారులున్నాయి, ఒక్కోదానికి ఒక్కో ఫలితం.

ఊరుకోవచ్చు. చాలామంది అదే చేస్తారు, కొన్నాళ్లలో వెళ్లిపోయేదాన్ని నాకెందుకు అని. ఊరుకుంటే నీకు ఇబ్బందేం ఉండదు కానీ రేపు నీకో క్లాసు వచ్చినప్పుడు నీ చేతిలోకి స్కేలు రావడం తేలికైపోతుంది, ఆ పిల్లాడి విషయంలో ఏ మార్పూ ఉండదు. ఈ దారి వద్దనే నేను అంటాను.

మేడమ్‌తోనే మాట్లాడొచ్చు. పిల్లలు వెళ్లిపోయాక, ఆవిడ ఒక్కరే ఉన్నప్పుడు. "మీరు కొట్టారు, అది నేరం" అని మొదలుపెడితే అక్కడితో తలుపు మూసుకుంటుంది. "మేడమ్, మొన్న పలక దగ్గర గొడవైంది కదండీ, వాడు ఆ తర్వాత సాయంత్రం దాకా నోరు తెరవలేదు, నాకు భయమేసింది, ఆ ఎంట్రీల టైంలో ఒకటీ రెండూ తరగతులు నేను వరండాలో కూర్చోబెట్టుకుని కథ చెప్పనా" అని అడుగు. ఇందులో నువ్వు చూసింది ఆవిడకి తెలిసిపోతుంది, దాపరికం లేదు, పైగా ఆ గొడవ పుట్టే అరగంట నువ్వు చేతిలోకి తీసుకుంటున్నావు. ఆవిడ సర్రుమనొచ్చు. "రెండు నెలలుండి పోయేదానివి, నాకు చెప్తావా" అనొచ్చు. అన్నా పర్లేదు, అన్నాక కూడా మర్నాడు అరగంట సాయానికి నిలబడితే చాలామంది మెత్తబడతారు, బళ్లలో నేను చూసింది అదే. మెత్తబడకపోతే ఇంకో దారి ఎటూ ఉంది.

ఆ ఇంకో దారి మండల విద్యాధికారికి, అంటే ఎంఈఓ గారికి చెప్పడం. ఆవిడే ఇన్‌చార్జ్ హెచ్ఎం కాబట్టి బళ్లో ఇంకెవరికీ చెప్పే వీలు లేదు. చెప్తే ఎంక్వయిరీ అవుతుంది, మెమో వస్తుంది, ఇంకా పెద్దదైతే ఆవిడ కొన్నాళ్లు బడికే రారు, ఆ రోజుల్లో 74 మందికీ ఎవరున్నట్టు? చెప్పింది నువ్వేనని అందరికీ తెలుస్తుంది, ఆ గదిలో పెద్దవాళ్లు ఇద్దరే కదా. మీ కాలేజీ వాళ్లు నిన్ను వేరే బడికి మార్చొచ్చు. ఇవన్నీ భయపెట్టడానికి చెప్పట్లేదు, తెలిసి అడుగెయ్యమని చెప్తున్నా. మేడమ్‌తో మాట్లాడాక కూడా కొట్టడం ఆగలేదనుకో, లేదా ఒకే పిల్లాణ్ని పట్టుకుని పదే పదే కొడుతున్నారనుకో, వాత తేలిందీ, వాచిందీ అనుకో, కులం పేరో తల్లి చేసే పనో ఎత్తి తిడుతున్నారనుకో, అప్పుడు ఈ లెక్కలేవీ వెయ్యకు, తేదీ, టైం, చూసింది చూసినట్టు కాగితం మీద రాసి మీ కాలేజీ సూపర్‌వైజర్‌కీ ఎంఈఓ గారికీ ఇవ్వు. 1098 చైల్డ్‌లైన్ నంబర్ ఏ టైంలోనైనా పనిచేస్తుంది. ఇక ఒంటి మీద చెయ్యి వెయ్యడం లాంటి సంగతి ఏ పిల్ల నోటివెంట విన్నా నీకు దారులు లేవు, ఒక్కటే, పిల్లల మీద లైంగిక వేధింపులకి సంబంధించిన 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి.

నువ్వు రాసిన ఈ ఒక్క రోజు సంగతికైతే నేను రెండో దారితో మొదలుపెట్టమంటాను, కానీ వెంటనే మొదలుపెట్టు, వారాలు గడిచాక అంటే దానికి విలువ ఉండదు. ఈలోపు ఆ పిల్లాణ్ని కూర్చోబెట్టి "ఎందుకు కొట్టారు, నొప్పి పుట్టిందా" అని ప్రశ్నలేమీ వెయ్యకు. వాడు మర్నాడు బడికొచ్చాడా, ఎవరి పక్కన కూర్చున్నాడు, అన్నం తిన్నాడా, అవి చూడు. భోజనాలప్పుడు వంటావిడ పక్కన కూర్చో, ఆవిడకి ఏ పిల్ల పొద్దున్న ఏమీ తినకుండా వస్తుందో, ఏ ఇంట్లో రాత్రి గొడవైందో మేడమ్ కంటే ముందే తెలుస్తుంది. మన రాష్ట్రంలో ఆ భోజనానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు, కోనసీమలో లంకల గన్నవరం ఆవిడ, ఆకలని ఎవరొచ్చినా వేళ చూడకుండా వండి పెట్టిన మనిషి, 1909లో పోయారు. మీ బడి వంటావిడకి కూడా ఎవరికి ఇంకో గరిటె వెయ్యాలో తెలుసు. ఆవిడతో మాట్లాడకుండా నీ అబ్జర్వేషన్ పూర్తవ్వదు.

ఇప్పుడు రికార్డు. "పిల్లలు చురుగ్గా పాల్గొన్నారు, బోధనోపకరణాలు వాడారు" అని సీనియర్ రికార్డులో ఉంది కదా, అది అబద్ధం. "మేడమ్‌కి ఓపిక లేదు, పాఠం మీద శ్రద్ధ లేదు" అని నువ్వు రాసుకున్నావు, అది తీర్పు, ఇంకో మనిషి చదివితే నిజమో కాదో తేల్చుకోలేడు. ఈ రెండూ కాకుండా మూడో రకం రాత ఉంటుంది. "10.20 నుంచి 10.50 దాకా మూడో తరగతికి గుణకారం చెప్పారు. ఆ టైంలో ఒకటి, రెండు తరగతులు పలక మీద చూచిరాత. మేడమ్ అడిగిన ఏడు ప్రశ్నల్లో అయిదు ముందు వరసకి వెళ్లాయి. మధ్యలో రెండుసార్లు ఫోన్ వచ్చింది." ఇలా రాస్తే ఇందులో అబద్ధం ఎక్కడుంది, మేడమ్‌ని తిట్టింది ఎక్కడుంది? ఆవిడకే చూపించినా తప్పుబట్టలేరు, బహుశా "చూశావా నా బతుకు" అంటారు. పిల్లల పేర్లు మాత్రం రాయకు, తరగతీ వరసా చాలు.

లెక్చరర్ గారికి ఇది నచ్చకపోతే ఇంటర్నల్ మార్కులు ఒకటో రెండో తగ్గొచ్చు. ఆ మార్కులు నీకు అంత ముఖ్యమైతే ఫార్మాట్‌లో ఉన్న కాలమ్‌లు క్లుప్తంగా నింపు, కానీ జరగనిది జరిగిందని రాయకు, ఉపకరణాలు అన్నచోట "నల్లబల్ల, పాఠ్యపుస్తకం" అని రాసినా నిజమే కదా. మిగతాది నీ సొంత నోట్సులో పెట్టుకో. మార్కులు పోయినా పర్లేదనుకుంటే పైన చెప్పినట్టే రాసి సబ్మిట్ చెయ్యి, లెక్చరర్లలో అలాంటి రాత కోసం చూసేవాళ్లూ ఉంటారు. కాపీ కొట్టడం ఒక్కటీ వద్దు, దానివల్ల నువ్వు అక్కడ కూర్చున్న రోజులన్నీ దండగైపోతాయి.

అన్నట్టు ఒకటి గమనించడం మొదలుపెట్టు. ప్రశ్న అడిగాక జవాబు కోసం ఎంతసేపు ఆగుతున్నారు? 1970ల్లో అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ క్లాసుల రికార్డింగులు విని చూస్తే టీచర్లు సగటున ఒక్క సెకనుకి మించి ఆగట్లేదని తేలింది, దాన్ని మూడు సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ నోరెత్తని పిల్లలు కూడా చెప్పడం మొదలుపెట్టారు. మూడు సెకన్లకి డబ్బు అక్కర్లేదు, ఫిల్టర్ అక్కర్లేదు, రెండో టీచర్ కూడా అక్కర్లేదు. ఇంటర్న్‌షిప్‌లో నీ చేతికి క్లాసొచ్చినప్పుడు మనసులో మూడు లెక్కపెట్టి చూడు, ఎంత కష్టమో తెలుస్తుంది, మేడమ్ మీద కోపం కొంచెం తగ్గుతుంది కూడా.

ఆ మూడో తరగతి పాప దగ్గర నేను ఎక్కువసేపు ఆగాలి. "చదువు రాదు" అని రాశావు. ఏది రాదు? కనపడట్లేదా, అక్షరం తెలీదా, మాటే తెలీదా, ఇవి మూడూ వేరు వేరు. ఎప్పుడూ పక్క పిల్ల పుస్తకంలోంచే చూస్తుంది అన్నావు, నల్లబల్ల మీద చూసి రాయదు అన్నావు, నాకు ముందు కళ్ల మీద అనుమానం. రేపు దాన్ని ముందు వరసలో కూర్చోబెట్టి బల్ల మీద పెద్దగా ఒక బొమ్మ వేసి అదేంటో చెప్పమను, తర్వాత వెనక నుంచి చెప్పమను. తేడా కనిపిస్తే మేడమ్‌కి చెప్పు, బడికొచ్చే హెల్త్ వాళ్లకి చూపించొచ్చు, లేదా దగ్గర్లో అర్బన్ హెల్త్ సెంటర్‌కి తల్లి తీసుకెళ్లొచ్చు. షెడ్‌కి వెళ్లే తల్లికి ఒక పూట పోతే ఆ పూట కూలి పోతుంది, అది గుర్తుపెట్టుకుని సెలవు రోజు ఏదో అడిగి చెప్పండి.

కళ్లు బాగానే ఉంటే ఇంట్లో ఏం మాట్లాడతారో అడుగు. చెరువుల పనికీ షెడ్ల పనికీ శ్రీకాకుళం నుంచీ ఒడిశా నుంచీ వచ్చిన కుటుంబాలు మీ వైపు చాలా ఉన్నాయి, ఇంట్లో ఒడియా, బళ్లో తెలుగు, పుస్తకం తెరిస్తే ఒక పేజీ ఇంగ్లీషూ ఎదురు పేజీ తెలుగూ, ఆ పిల్ల రెండు పేజీలూ బొమ్మ గీసినట్టు గీసేస్తుంది. చూచిరాత బాగున్న పిల్ల ఎవరి కంటా పడదమ్మా, అల్లరి చెయ్యదు, నోట్సు నీట్‌గా ఉంటుంది, ఇన్స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు గుడ్ అని పెట్టేసి పోతారు.

నువ్వు చదువు చెప్పొచ్చా అంటే, మేడమ్‌ని అడిగి చెప్పొచ్చు. అడగకుండా మొదలుపెడితే ఆవిడ చెయ్యలేనిది నువ్వు చేసి చూపిస్తున్నట్టు అవుతుంది. మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు అర్థం చేసుకుంటూ చదవాలి, దాన్ని 2026–27 కల్లా సాధించాలి అని 2021లో నిపుణ్ భారత్ అనే పథకం మొదలైనప్పుడు కేంద్రమే పెట్టుకుంది, కాబట్టి రోజూ పావుగంట చదివిస్తానంటే అది సిలబస్ బయటి పనేం కాదు, ఆవిడ లెక్కలోకే వస్తుంది. ఆ పిల్ల ఒక్కదాన్నే పిలవకు, సిగ్గుపడుతుంది, అలాంటివాళ్లని ఇంకో నలుగురిని కలుపు, రెండో తరగతి వాళ్లున్నా పర్లేదు, తరగతి చూడొద్దు, ఎక్కడ ఆగారో చూడు. ఒత్తులు లేని మాటలతో మొదలుపెట్టు, వల, పడవ, చేప, కాలువ, అన్నీ వాళ్లు రోజూ చూసేవే. చీటీల మీద రాసి వరస మార్చి ఇవ్వు, వరస మారితే గానీ చదువుతోందో కంఠస్థం చెప్తోందో తెలీదు. రొయ్య తర్వాత రానీ, అందులో ఒత్తుంది, కానీ ఆ మాట చదివిన రోజు అది ఇంటికెళ్లి వాళ్లమ్మకి చెప్పి తీరుతుంది. నువ్వు లేనప్పుడు కూడా నడిచేలా ఆ చీటీలు డబ్బాలో పెట్టి అయిదో తరగతి పిల్లలిద్దరికి ఆట నేర్పు. నువ్వు ఏ తేదీన వెళ్లిపోతావో పిల్లలకి ముందే చెప్పు, చివరి రోజు చెప్తే వాళ్లకి మోసం చేసినట్టుంటుంది.

పుస్తకాలు పంచిన సంగతి. నీ మనసు మంచిదే, కానీ ఆ స్టేటస్ చూసిన నీ చుట్టాలకి ఆ పిల్లలు బీద పిల్లలుగా కనిపించారు, మేడమ్‌కి ఏమనిపించి ఉంటుందో చెప్పక్కర్లేదు. పిల్లల ముఖాలు తల్లిదండ్రులని అడక్కుండా అలా పెట్టకూడదు. "మేడమ్, ఫొటోలు తీసేశానండీ, మిమ్మల్ని అడక్కుండా పంచాను, ఇంకెప్పుడైనా ఇవ్వాలంటే మీ చేతుల మీదుగానే" అని చెప్పు, మాటలు కలవడానికి అదే దారి. ఇంకా ఎవరైనా ఇస్తామంటే నోటు పుస్తకాల కంటే ఫిల్టర్ రిపేర్ మంచిది, ఎండాకాలం కాలువలు కట్టేశాక మీ వైపు మంచినీళ్లకి ఎంత ఇబ్బందో నీకే తెలుసు, బడులు తెరిచే నాటికైనా అది బాగై ఉండాలి.

ఆ లేని టీచర్ల సంగతి నువ్వు తేల్చలేవు, మేడమ్ కూడా పెద్దగా అడగలేరు, ఉద్యోగి కదా. అడగగలిగింది తల్లిదండ్రులు. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, కమిటీ మొత్తంలో సగం ఆడవాళ్లు ఉండాలి అని విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్. "మా బడిలో 74 మంది, షెడ్యూల్ ప్రకారం ముగ్గురుండాలి, ఒక్కరే ఉన్నారు, డెప్యుటేషన్ రద్దు చేసి పంపండి" అని తీర్మానం రాసి ఎంఈఓకీ జిల్లా విద్యాధికారి డీఈఓకీ ఇస్తే దానికో బరువుంటుంది. 2022లో 117 జీవోతో మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని హైస్కూళ్లలో కలిపారు, తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారు, ఆ మార్పుల్లో తల్లిదండ్రులు గట్టిగా అడిగినచోటే వాళ్ల మాట వినబడింది. అయితే మీ బడి మీటింగ్ పదకొండు గంటలకి పెడితే షెడ్‌కి వెళ్లినవాళ్లు ఎలా వస్తారు? సాయంత్రం పెట్టుకోవచ్చేమో అని మేడమ్‌తో అని చూడు, నీ నిమిషాల లెక్క ఆ మీటింగ్‌కి ఇవ్వు. అంతకుమించి ముందుకి వెళ్లకు, సంతకాలు వాళ్లవి, ఊరు వాళ్లది.

అసలు ఈ లైనులో ఉండాలా అని అడిగావు. నాన్నగారి భయం నిజమే, సర్కారు టీచర్ ఉద్యోగాల పరీక్ష డీఎస్సీ ఎప్పుడొస్తుందో తెలీదు, ఇంట్లో ఖర్చులు ఆగవు, ఈలోపు కార్పొరేట్ స్కూల్లో చేరడం తప్పేం కాదు, అక్కడా నేర్చుకునేది ఉంటుంది, అయితే అక్కడ నీ గదిలోకి వచ్చే పిల్లలు వేరు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు, ఇలాంటి బళ్లకి అలాగే కొత్తవాళ్లు వస్తారు, రేపు రాసి గెలిస్తే నీకు కూడా ఇలాంటి బడే ఇస్తారు, అందులో ఒక్కదానివే ఉండొచ్చు, చేతిలో అదే ఫోన్ ఉంటుంది. అది తెలిసి కూడా వెళ్లాలనిపిస్తోందా అన్నది ఇప్పుడే, ఇంత బాధలో ఉండగా తేల్చుకోకు. ఇంటర్న్‌షిప్‌లో క్లాసు నీ చేతిలోకి వచ్చి కొన్ని వారాలు గడవనీ, అప్పుడు నాన్నగారితో కూర్చుని మాట్లాడు. ముందు మేడమ్‌తో ఆ మాట మాట్లాడి, ఆ పాప కళ్ల సంగతేంటో నాకు రాయి.